శరత్కాలంలో ఒక మంచిమాట

ఆశ్వయుజ, కార్తిక మాసాలు శరదృతువు. వానలు వెనకబట్టి ఆకాశం తేటపడుతుంది. తంగేడు, గునుగు విరగబూస్తాయి. బతుకమ్మకో, దసరాకో, అట్లతద్దికో ఆడపిల్లలు పుట్టింటికి చేరే రోజులూ ఇవే.

మన ఇళ్ళల్లో అమ్మకి "కృతజ్ఞతలు" అని ఎవరమూ చెప్పం. చెబితే పరాయితనంగా ఉంటుంది. మరెలా చెప్పడం? చేతల్లోనే చెప్పాలి.

నాకు అక్షరాలు దిద్దించింది మా అమ్మే. ఇప్పుడామెకు చూపు ఆనదు. కిందటి దసరాకి వెళ్ళినప్పుడు, పుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుని, మళ్ళీ మూసేసింది. నా ప్రాణం ఉసూరుమంది. ఇన్నేళ్ళూ పండక్కి వెళ్ళి, తిని, చీర పుచ్చుకుని వచ్చేశానే గాని, ఇది గమనించలేదు! ఆ రాత్రి వసారాలో దీపం దగ్గర కూర్చుని, భారతం అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన చదివి వినిపించాను. నన్నయగారి రచన అక్కడే ఆగిందంటారు. నేనొకచోట తడబడితే, అమ్మ పుస్తకం చూడకుండానే దిద్దింది!

ఈసారి పుట్టింటికి వెళ్ళేటప్పుడు పెట్టెలో ఒక పుస్తకం పెట్టుకోండి. ఓ గంట పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని చదవండి. కార్తికంలో వనభోజనానికి వెళితే, నీడనిచ్చిన ఉసిరిచెట్టుకు రెండు చెంబుల నీళ్ళు పొయ్యండి. వచ్చే ఏటికి వాయిదా వెయ్యకండి. సెలవు.