చలి రాత్రులు: పడవ ఇంజను, ఆయిలు ఇంజను జాగ్రత్తలు



యాసంగి పనులు మొదలయ్యే ఈ రోజులలో మీకొక చిన్న సంగతి మనవి చేస్తాను. పగలు ఎండ చురుక్కుమంటుంది, పొద్దుగూకినంక దుప్పటి కావలసి వస్తుంది. కార్తీక మార్గశిర మాసాలలో మన ధర్మపురి ఒడ్డున ఇది ఏటా ఉన్నదే. మనం దుప్పటి కప్పుకుంటాం, పశువును కొట్టంలో కట్టివేస్తాం. వేలు పోసి కొన్న ఇంజనును మాత్రం ఏటి ఒడ్డున మంచులో వదిలివేస్తాం. తెల్లవారి అది అందుకోకపోతే ఇంజను చెడ్డదంటాం.

తప్పు ఇంజనుదేనా? చలి దానికి ఏం చేస్తుందో తెలిస్తే, ఏం చేయవలెనో దానంతటదే తెలియును.

ముందుగా ఒక భయం తీర్చుకుందాం. "చలికి ఇంజనులో నీళ్లు గడ్డకట్టి ఇనుము పగులుతుందట గదా?" అని కొందరు అడుగుతారు. ఆ మాట నిజమే, అయితే మన ఊరి మాట కాదు. నీరు గడ్డకట్టేది సున్న డిగ్రీల దగ్గర. గడ్డకట్టినప్పుడు నూరు పాళ్ల నీరు సుమారు 109 పాళ్ల చోటు కోరును. ఆ ఒత్తిడికి పోత ఇనుము కూడా పగులును. కశ్మీరంలో దాల్ సరస్సు గడ్డకట్టేటంత చలి పడుతుంది, అక్కడి పడవవారికి ఆ భయం ఉండవలసిందే. మన పక్కన ఆదిలాబాదు, కుమురం భీం ఆసిఫాబాదు జిల్లాల అడవి పల్లెలలో కొన్ని ఏండ్లు 5 డిగ్రీల కన్నా కిందికి దిగిన రాత్రులున్నవి. అయినా ఇంజను లోపలి నీరు గడ్డకట్టేటంత చలి అది కాదు. కాబట్టి ఇనుము పగులుతుందన్న బెంగ మనకు అక్కరలేదు. మన ఇంజనుకు వచ్చే కీడు వేరు. అది చప్పుడు లేకుండా వస్తుంది.

మొదటిది చెమ్మ. ఇత్తడి చెంబులో చల్లని నీళ్లు పోసి పెడితే చెంబు బయట చెమట పడుతుంది. అది చెంబులోంచి వచ్చిన నీరు కాదు, గాలిలో ఉన్న నీటి ఆవిరి చల్లని లోహానికి తగిలి నీరయినది. సగం ఖాళీగా ఉన్న డీజిలు టాంకీలో జరిగేదీ ఇదే. పగటి వేడికి టాంకీలోని గాలి ఉబ్బి బయటికి పోవును, రాత్రి చల్లబడి ముడుచుకొని బయటి తేమగాలిని లోపలికి పీల్చును. ఆ తేమ టాంకీ గోడలకు చెమటై అడుగుకు జారును. డీజిలు నీటికన్నా తేలిక గనుక నీరు అడుగున చేరి కూర్చుంటుంది. పైపు తీసుకునేది ఆ అడుగు నుంచే. నీరు ఇంజెక్టరుకు చేరితే తుప్పు, టాంకీలో నిలిస్తే జిగురు మడ్డి.

ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఈ చెమ్మ నడి చలికాలంలో కన్నా చలి మొదలైన తొలి రాత్రులలోనే ఎక్కువ. వానలు వెళ్లిన కొత్తలో గాలిలో తడి నిండా ఉంటుంది, పగటికి రాత్రికి వేడిలో తేడా చాలా ఉంటుంది. తెల్లవారుజామున గోదావరి మీద పొగలు లేవడం మీరు చూస్తూనే ఉంటారు. ఏటి నీరు వెచ్చన, పైగాలి చల్లన గనుక లేచే ఆవిరి అది. ఆ ఆవిరిలోనే పడవ ఇంజను తెల్లవార్లు తడుస్తుంది. అందుకే చేను ఇంజను కన్నా పడవ ఇంజనుకు చెమ్మ పీడ అధికం.

రెండవది డీజిలు చిక్కబడటం. డీజిలులో మైనం వంటి పదార్థం కరిగి ఉంటుంది. చలికి అది తెరలు కట్టి ఫిల్టరును మూసివేస్తుంది. మన దేశపు ప్రమాణాల ప్రకారం నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అమ్మే డీజిలు 3 డిగ్రీల వరకు పారవలెను. మిగతా నెలల డీజిలు 15 డిగ్రీల వరకు పారితే చాలును. అంటే ఏమిటి? ఎండకాలంలో కొని డ్రమ్ములో దాచిన డీజిలును 8, 9 డిగ్రీల పొద్దుటిపూట పోస్తే, ఇంజను అందుకోకపోవచ్చు, అందుకున్నా నడుమ ఆగవచ్చు. దాచినది చలికి ముందే వాడేసుకోండి, చలికి కొత్తది తెచ్చుకోండి.

మూడవది వేడి చాలకపోవడం. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. సిలిండరులోని గాలిని పదహారో పదిహేడో వంతుకు నొక్కగా అది 500 డిగ్రీలు మించి వేడెక్కును, ఆ వేడికే డీజిలు అంటుకొనును. 1897లో జర్మనీ దేశంలో రుడాల్ఫ్ డీజిల్ నడిపి చూపిన ఇంజను ఈ సూత్రం మీదనే పనిచేసినది. తెల్లవారుజామున ఇనుము చల్లగా ఉండి ఆ వేడిని తాగివేస్తుంది. ఆయిలు చిక్కబడి ఇంజను బరువుగా తిరుగును, నెమ్మదిగా తిరిగితే నొక్కుడు చాలదు, గాలి కాగదు. బ్యాటరీతో స్టార్టు చేసేవారికైతే బ్యాటరీ బలం కూడా చలికి తగ్గును.

కీడు ఎక్కడిదో తెలిసింది గదా! ఇక చేయవలసిన పనులు చెబుతాను. ఇవి సాయంత్రం పనులు కొన్ని, పొద్దుటి పనులు కొన్ని.

సాయంత్రం పని ముగియగానే టాంకీ నిండా డీజిలు పోయండి. ఖాళీ లేకపోతే చెమటకు చోటు లేదు. పోసేటప్పుడు సన్నని జల్లెడగాని శుభ్రమైన మెత్తని గుడ్డగాని పెట్టండి. ఇంజను చల్లారినంక టార్పాలిను కప్పండి, అయితే కింద గాలి ఆడేటట్లు కొంచెం వదలండి. బిగించి చుట్టితే లోపలి తేమ లోపలే ఉండిపోవును. మీద కప్పు ఉంటే ఇనుము ఆకాశానికి వేడి వదలడం తగ్గి మంచు తక్కువ పడుతుంది. పాత గడ్డి పాకైనా సరే, ఆకాశం కన్నా మేలు. పొగగొట్టం మూతికి డబ్బా బోర్లించండి, పొద్దున తీయడం మరవకండి.

ఆయిలు సంగతి. డబ్బా మీద 15డబ్ల్యూ-40 వంటి అంకె ఉంటుంది. ముందున్న అంకె చలిలో అది ఎంత పలుచగా పారునో చెబుతుంది, అది ఎంత తక్కువైతే చలిలో అంత తేలిక. 40 అని ఒక్క అంకే ఉన్న ఆయిలు చలికి త్వరగా చిక్కబడును. మీ ఇంజను పుస్తకంలో చలికాలానికి ఏది చెప్పినారో అదే పోయండి. నల్లబడిన ఆయిలును చలి ముందే మార్చండి.

పొద్దున స్టార్టు చేసే ముందు టాంకీ అడుగు బిరడా వదులు చేసి కొంత డీజిలును తెల్లని గాజు సీసాలోకి పట్టండి. సీసాను కాసేపు కదల్చక ఉంచితే నీరుంటే అడుగున పొర తేలును. పొర లేక, మసకగా ఉన్నది పొద్దెక్కి వెచ్చబడినాక తేటబడితే అది చాలావరకు మైనపు తెరయే. నీరు కనబడితే తేట డీజిలు వచ్చేదాకా వదిలివేయండి, నేల మీద పారబోయక డబ్బాలో పట్టండి.

చేతితో తిప్పే ఇంజను అయితే నొక్కుడు వదిలించే మీట ఎత్తి, డీజిలు ఆపి, పది పదిహేను చుట్లు ఊరకే తిప్పండి. ఆయిలు అన్ని చోట్లకు పాకును. అప్పుడు డీజిలు విడిచి వేగంగా తిప్పి మీట దించండి. బొటనవేలిని మిగతా వేళ్ల పక్కనే ఉంచండి, హ్యాండిలు చుట్టూ తిప్పకండి. ఇంజను వెనక్కి తన్నితే ముంజేయి విరుగును. తొట్టి నీటితో చల్లబడే పాత ఇంజనులలో గోరువెచ్చని నీళ్లు పోస్తే త్వరగా అందుకొనును. మరుగుతున్న నీళ్లు పోయరాదు, చల్లని పోత ఇనుము ఒక్కసారిగా కాగితే పగులును. చూశారా, మన దగ్గర చలి పగలగొట్టని ఇనుమును తొందరపాటు పగలగొడుతుంది!

స్టార్టు అయిన తర్వాత నాలుగైదు నిమిషాలు బరువు వేయకుండా మెల్లగా నడవనివ్వండి.

చేయకూడనివి మూడు. టాంకీ కింద గడ్డి మంట పెట్టరాదు. తలుపు మూసిన గదిలో ఇంజను నడపరాదు. ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు, మనిషి నిద్రపోయినట్లే ప్రాణం పోవును. అందుకోని ఇంజనులో గాలిగొట్టం గుండా పెట్రోలు పోయరాదు.

పడవ వెనుక తగిలించే పెట్రోలు ఇంజను ఉన్నవారికి మరి నాలుగు మాటలు. ఇప్పుడు అమ్మే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తున్నది. అది నీటిని పీల్చును. చలి పెరిగినకొద్దీ ఆ నీరు విడిపోయి అడుగుకు దిగును. కాబట్టి నెలల తరబడి దాచిన పెట్రోలు చలిలో నమ్మరానిది, వారానికి సరిపడా తెచ్చుకోండి. ఇంజనును ఒడ్డున పెట్టేటప్పుడు నిలువుగా ఉంచితే లోపలి ఏటి నీరు, ఒండ్రు దిగిపోవును. కింది గేరు ఆయిలు పాలలా తెల్లబడితే నీరు దూరినదని తెలుసుకొని సీలు మార్పించండి. చలిగా ఉన్నదని ఇంజనును ఒడ్డునే నడిపి కాచుకోవడం తగదు. నీరు లేక తిరిగితే లోపలి రబ్బరు చక్రం నిమిషాలలో మాడిపోవును. నీటిలో దించి స్టార్టు చేసి, పక్క గొట్టం నుంచి నీటి ధార వస్తున్నదో లేదో చూసిన తర్వాతనే మనుషులను ఎక్కించండి.

ఇంత జాగ్రత్త ఎందుకని అంటారా? కార్తీక స్నానాలకు మన నరసింహస్వామి సన్నిధికి ఎందరెందరో వస్తారు. పిల్లాజెల్లా ఎక్కిన పడవ ఏటి నడుమ ఇంజను ఆగి నిలిచిపోతే ఏమగును? తెడ్లు, తాడు, ప్రతి మనిషికి తేలుడు చొక్కా లేనిదే పడవ ఒడ్డు విడువరాదు.

చేను సంగతి తీసుకోండి. చలి రోజులలో వరి నారుమడిలో రాత్రి చల్లబడ్డ నీటిని తీసివేసి పొద్దున కొత్త నీరు పెట్టుమని మేము చెబుతాం. బాయి నీరు వెచ్చగా ఉండి నారు కోలుకొనును. ఆ నీరు పెట్టడానికి ఇంజను మీద ఆధారపడ్డ రైతుకు, ఏ పొద్దు చలి ఎక్కువో ఆ పొద్దే నారుకు నీరు అవసరం, ఆ పొద్దే ఇంజను మొరాయించును. నారు ఎర్రబడి నాటు వెనుకబడితే ఆ నష్టం టాంకీలో పోసే నాలుగు లీటర్ల డీజిలుతో పోల్చదగినది కాదు.

విస్తరణ అధికారులకు నా మనవి. ఊరిలో ఈ సంగతి ఉపన్యాసంగా చెప్పవద్దు. పొద్దున ఆరు గంటలకు ఒక రైతు టాంకీ నుంచి సీసాలో డీజిలు పట్టి పదిమందికి చూపండి. అడుగున నీటి పొర కళ్లారా చూసిన రైతుకు మళ్లీ చెప్పవలసిన పని ఉండదు.

సోదరులారా, చలిని మనం ఆపలేం. రాత్రి పది నిమిషాలు, పొద్దున పది నిమిషాలు ఇంజనుకు ఇస్తే చాలును. ఈ సాయంత్రం ఇంటికి పోయే ముందే టాంకీ నింపి, కప్పు వేసి పోండి.