సందేశాల వరుస

ఏ కార్యమైనా సక్రమంగా జరగాలంటే అందులో పాల్గొనేవారు ఎవరో తెలిస్తే చాలదు. ఎవరి తరువాత ఎవరు ఏమి చేయాలో కూడా తెలియాలి. తెలుగువారి పెళ్ళిపందిరిలో పురోహితుడు చేయెత్తి సంజ్ఞ చేయగానే మేళగాళ్ళు గట్టిమేళం అందుకొంటారు. మేళగాడికి మంత్రార్థం తెలియనక్కరలేదు. పురోహితుడికి సన్నాయి ఊదడం రానక్కరలేదు. సరియైన క్షణంలో సంజ్ఞ అందడమే ప్రధానం.

కంప్యూటరు ప్రోగ్రాముల నిర్మాణంలోనూ ఇటువంటి ఏర్పాటే ఉన్నది. ప్రోగ్రామును ఆదేశాల పొడవైన పట్టికగా కాక, ఎవరి పని వారు చేసుకొనే చిన్న చిన్న భాగాల సమూహంగా భావించే పద్ధతికి 1960వ దశకంలో నార్వేలో రూపొందిన ‘సిమ్యులా’ అనే భాష దారి చూపింది. ఈ భాగాలను ఆబ్జెక్టులు, అంటే వస్తువులు అంటారు. ప్రతి వస్తువూ తన సమాచారాన్ని తనలోనే భద్రపరచుకొంటుంది. దానితో పని పడిన మరొక వస్తువు సందేశం పంపి అడగవలసిందే గాని, లోపలికి చొరబడి తీసుకోరాదు.

వస్తువుల జాబితా రాసుకోవడం సులభం. వాటి మధ్య సందేశాలు ఏ వరుసలో నడుస్తాయో ఊహించడమే కష్టం. ఆ వరుసను కంటికి కట్టినట్లు చూపేదే సీక్వెన్స్ డయాగ్రం. తెలుగులో దీనిని అనుక్రమ చిత్రం అనవచ్చు. స్వీడన్ దేశస్థుడైన ఇవార్ జాకబ్సన్ 1992లో వెలువడిన తన గ్రంథంలో ఇటువంటి చిత్రాలకు ప్రాముఖ్యం కల్పించాడు. ఆయన, గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా కలిసి తీర్చిదిద్దిన ‘యు.ఎం.ఎల్.’ అనే చిత్రభాష 1997లో ప్రమాణంగా ఆమోదం పొందింది. అనుక్రమ చిత్రం అందులో ఒక భాగం.

చిత్రం గీసే విధానం సరళమైనది. పాల్గొనే వస్తువుల పేర్లను కాగితం పై అంచున పక్కపక్కనే రాసి, ఒక్కొక్క పేరు కింద ఒక నిలువు గీతను చుక్కలుగా గీస్తారు. అది ఆ వస్తువు జీవనరేఖ. కాలం పై నుంచి కిందికి సాగుతుంది. ఒక జీవనరేఖ నుంచి మరొకదానికి గీసిన బాణం సందేశం. తిరిగి వచ్చే జవాబును తెగిన గీతల బాణంతో చూపుతారు.

ఏ.టి.ఎం. నుంచి డబ్బు తీసుకోవడాన్నే ఉదాహరణగా గ్రహించవచ్చు. ఇందులో నాలుగు జీవనరేఖలు: ఖాతాదారు, యంత్రం, బ్యాంకు కంప్యూటరు, ఖాతా. ఖాతాదారు కార్డు పెట్టి, రహస్య సంఖ్య నొక్కి, రెండు వేల రూపాయలు కావాలంటాడు. యంత్రం ఆ కోరికను బ్యాంకు కంప్యూటరుకు పంపుతుంది. అది ఖాతాలో నిల్వ ఎంత ఉన్నదో విచారించి, రెండు వేలు తగ్గించి, ‘ఇవ్వవచ్చు’ అని జవాబిస్తుంది. అప్పుడు యంత్రం నోట్లు లెక్కించి బయటికి నెడుతుంది.

వాక్యాలలో చదివితే ఇందులో లోపమేదీ తోచదు. చిత్రంగా గీసినప్పుడు మాత్రం చివరి రెండు బాణాల మధ్య ఖాళీ మీద దృష్టి నిలుస్తుంది. అనుమతి వచ్చిన తరువాత నోట్లు లోపలే ఇరుక్కొంటే? ఖాతాలో సొమ్ము తగ్గింది, చేతికి పైసా రాలేదు. ఆసుపత్రి ఖర్చుకో, పరీక్ష రుసుముకో వచ్చిన మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ముందు నోట్లిచ్చి తరువాత ఖాతాలో తగ్గించవచ్చు కదా అన్న సందేహం సహజమే. కాని చేతికందిన నోట్లను యంత్రం వెనక్కు లాక్కోలేదు. ఖాతాలో రాసిన పద్దును మాత్రం తిరిగి సవరించవచ్చు. అందుచేత సవరించగల పనిని ముందు, సవరించలేని పనిని తరువాత ఉంచడమే వివేకం. నోట్లు రాకపోతే యంత్రం ‘పద్దు రద్దు చేయండి’ అని మరొక సందేశం పంపాలి. ఆ సమయానికి తంతి సంబంధం తెగిపోతే, దానిని దాచి ఉంచి మళ్ళీ మళ్ళీ పంపాలి. అదే సందేశం రెండుసార్లు అందినా బ్యాంకు సొమ్మును ఒక్కసారే జమ చేయాలి. అందుకు ప్రతి లావాదేవీకీ ఒక ప్రత్యేక సంఖ్య అవసరం. ఒక్క ఖాళీని పరిశీలించినందుకు ఇన్ని సంగతులు బయటపడ్డాయి.

నోట్లు వచ్చిన దారినీ రాని దారినీ ఒకే చిత్రంలో చూపడానికి ఆ బాణాల చుట్టూ చట్రం గీసి, మధ్యలో తెగిన గీతతో విభజిస్తారు. పై అర ఒక సందర్భానికి, కింది అర రెండవ సందర్భానికి. అనుభవం లేనివారు పై అర ఒక్కటే గీసి ఊరుకొంటారు. నిజానికి చిత్రం విలువ కింది అరలోనే ఎక్కువ.

వరుస మార్పు యంత్రాలకే కాక మనుషులకూ సంబంధించినదే. నోట్లు ముందిచ్చి కార్డు తరువాత ఇచ్చే యంత్రాల వద్ద, వచ్చిన పని అయిపోయిందన్న తలంపుతో కార్డు మరచిపోయేవారు ఎక్కువ. కార్డు తీసుకొన్న తరువాతనే నోట్లు వచ్చేటట్లు రెండు బాణాల స్థానం మార్చితే ఆ మతిమరుపు చాలావరకు తగ్గుతుంది.

ఈ చిత్రానికి పరిమితులు లేకపోలేదు. ఇరవై జీవనరేఖలు చేర్చితే అది సాలెగూడై, గీసినవారికే అర్థం కాదు. ఒక చిత్రం ఒక్క కథనే చెప్పాలి. రద్దు సందేశం కూడా బ్యాంకుకు చేరని సందర్భం అటువంటి వేరొక కథ. 2019 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం, ఏ.టి.ఎం.లో నోట్లు రాకుండా ఖాతాలో తగ్గిన సొమ్మును బ్యాంకు లావాదేవీ జరిగిన తేదీ తరువాత 5 రోజులలోగా తిరిగి జమ చేయాలి. ఆపైన ఆలస్యమైన ప్రతి రోజుకూ ఖాతాదారుకు 100 రూపాయలు చెల్లించాలి. యంత్రంలో మిగిలిన నోట్లనూ ఖాతాల పద్దులనూ సరిచూసే ఆ పనికి జీవనరేఖలు వేరు, బాణాలు వేరు. దానికి మరొక కాగితం తీసుకోవలసిందే.