పురిటి నొప్పుల వేళ పక్కన కూర్చునే ఉద్యోగం

ముప్పై ఏళ్ళు ఊరూరా తిరిగి గర్భిణుల పేర్లు రాసుకుని, ధనుర్వాతం టీకాలు వేసి, కాన్పులు చేసిన ఒక ఏఎన్ఎం పదవీ విరమణ చేసిందనుకుందాం. ఇప్పుడామె 'డౌలా'గా పనిచెయ్యాలనుకుంటోంది. ప్రసూతి పనిలో అంత అనుభవం ఉన్న మనిషికి ఇదెంత అని మీకు తోచవచ్చు. నిజానికి ఆమె కొత్తగా నేర్చుకోవలసిన దానికన్నా మానుకోవలసిందే ఎక్కువ.

డౌలా అంటే గ్రీకు భాషలో దాసి, పరిచారిక. డానా రాఫెల్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు తల్లిపాల గురించి 1973లో ప్రచురించిన పుస్తకంలో బాలింతకు అండగా నిలిచే స్త్రీకి ఈ పేరు వాడింది. తర్వాత నొప్పుల సమయంలో తోడుండే మనిషికి కూడా ఆ పేరే స్థిరపడింది. డౌలాకూ మన మంత్రసానికీ పోలిక లేదు. మంత్రసాని కాన్పు చేస్తుంది, బొడ్డు కోస్తుంది. డౌలా అవేవీ చెయ్యదు. బి.పి. చూడదు, మందు ఇవ్వదు. నడుము రాస్తుంది, మంచినీళ్ళు పట్టిస్తుంది, లేపి నడిపిస్తుంది, డాక్టరు చెప్పినదాన్ని అర్థమయ్యే మాటల్లో మళ్ళీ చెబుతుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, కాన్పు అయ్యేదాకా వదిలి వెళ్ళదు.

ఇంతమాత్రానికి ఒక ఉద్యోగమా? అమెరికాలోని హ్యూస్టన్ నగరంలో, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో జరిగిన ప్రయోగం దీనికి జవాబు చెబుతుంది. జాన్ కెన్నెల్, మార్షల్ క్లాస్ తదితరులు 1991లో దాని ఫలితాలు ప్రచురించారు. తొలిచూలు స్త్రీలలో 212 మందికి డౌలాను తోడిచ్చారు. 200 మంది గదిలో ఒక స్త్రీని ఊరికే కూర్చోబెట్టారు. ఆమె పలకరించదు, ముట్టుకోదు, చూసి రాసుకుంటుందంతే. మామూలు పద్ధతిలో కాన్పయిన మరో 204 మందిని పోలిక కోసం తీసుకున్నారు. సిజేరియన్లు డౌలా ఉన్నవాళ్ళలో 8 శాతం, మామూలు వాళ్ళలో 18 శాతం. మరి మూగగా కూర్చున్న మనిషి ఉన్న గదుల్లో? 13 శాతం! నాకు మొదటి రెండు అంకెలకన్నా ఈ మూడోదే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

కారణం ఏమై ఉంటుంది? గర్భాశయాన్ని ముడుచుకునేలా చేసే హార్మోను ఆక్సిటోసిన్. ఇది మెదడులో తయారై పీయూష గ్రంథి నుంచి రక్తంలోకి వస్తుంది. బిడ్డ తల గర్భాశయ ముఖద్వారాన్ని ఒత్తితే ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది, ఇంకొంత ఆక్సిటోసిన్ విడుదలవుతుంది, నొప్పులు బలపడతాయి. భయం వేసినప్పుడు పుట్టే అడ్రినలిన్ దీనికి అడ్డుపడుతుంది. గర్భాశయానికి వెళ్ళే రక్తం తగ్గి, నొప్పులు మందగిస్తాయి. ఈనబోయే ఆవు చాటు వెతుక్కోవడం పల్లెల్లో పెరిగినవాళ్ళు చూసే ఉంటారు. పక్కన మనిషి ఉంటే భయం తగ్గుతుంది, ఆ మేరకు అడ్రినలిన్ తగ్గుతుంది అన్నది శాస్త్రజ్ఞుల వివరణ. సబబుగానే ఉంది గాని, ప్రయోగాల ఫలితాలకు ఉన్నంత గట్టి రుజువు ఈ వివరణకు లేదు.

ఆ ఫలితాలను కూడా కాస్త జాగ్రత్తగా చూడాలి. 1980లో గ్వాటెమాలా దేశం నుంచి వెలువడిన తొలి పరిశోధనలో, ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి కాన్పు వరకు తోడు ఉన్నవాళ్ళకు సుమారు 9 గంటలు, లేనివాళ్ళకు 19 గంటలు పట్టింది. కాని పోల్చింది 40 మంది తల్లులనే. 2017లో కాక్రేన్ సంస్థ 17 దేశాల్లోని 26 పరిశోధనలను, అంటే 15,858 మంది స్త్రీల వివరాలను కలిపి లెక్కించినప్పుడు సగటున తగ్గిన సమయం 40 నిమిషాలే. పది గంటలు నలభై నిమిషాలకు కుదించుకుపోయాయి. కాని సిజేరియన్లు నాలుగో వంతు తగ్గాయన్న ఫలితం మాత్రం నిలిచింది.

అదే సంస్థ 2013లో చేసిన సమీక్షలో మన ఏఎన్ఎంకు పనికొచ్చే మాట ఒకటుంది. తోడుండే మనిషి ఆసుపత్రి సిబ్బందీ కాక, సొంత బంధువూ కాక, ఆ పనికోసమే వచ్చినదైతే మేలు ఎక్కువట. సిబ్బందికి రిజిస్టర్లు, సెలైన్లు, పక్క మంచాల వాళ్ళు ఉంటారు. తల్లికేమో కూతురి బాధ చూడగానే కాళ్ళూ చేతులూ ఆడవు. అంటే నిన్న యూనిఫాంలో చెయ్యలేని పనిని, యూనిఫాం విప్పాక ఈమె చెయ్యగలదు. అయితే ఒక షరతు. డౌలాలకు శిక్షణనిచ్చే డోనా అనే సంస్థ (1992లో అమెరికాలో స్థాపించారు) నియమావళి ప్రకారం, వైద్యవృత్తిలో ఉన్నవాళ్ళు డౌలా పరిధి దాటి చికిత్స చేస్తే, ఆ పని చేస్తూ తమను డౌలా అని చెప్పుకోకూడదు. ముప్పై ఏళ్ళు అలవాటైన చేతులు ఊరుకోవడం కష్టమే. రక్తస్రావం ఎక్కువైతే ఈమె కళ్ళు అందరికన్నా ముందు పసిగడతాయి. అయినా నర్సును పిలవాలి, తల్లి చెయ్యి పట్టుకోవాలి, అంతే. "అరవకమ్మా, ఓర్చుకో" అని గదమాయించే ప్రసూతి వార్డు అలవాటు కూడా గుమ్మం బయటే వదలాలి.

మన దేశంలో డౌలాలు ఎక్కువగా నగరాల్లోనే కనిపిస్తారు. ఖర్చు కుటుంబానిదే. తెలంగాణలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. తోడు అవసరమైన వాళ్ళలో ఎక్కువమంది డౌలాకు డబ్బు ఇచ్చుకోలేరు. ప్రభుత్వ ఆసుపత్రుల పురిటి గదిలోకి ఒక ఆడ బంధువును, వీలైతే కాన్పు అనుభవం ఉన్నామెను, అనుమతించాలని 2016లో కేంద్ర ప్రభుత్వం ఆదేశించింది. చాటు ఉన్న చోట భర్తను కూడా రానివ్వవచ్చు. అలా లోపలికొచ్చిన అక్కకో, అత్తకో నడుము ఎక్కడ ఒత్తాలో, ఎప్పుడు నడిపించాలో, ఏం మాట్లాడాలో చెప్పే మనిషి కావాలి. పదవీ విరమణ చేసిన ఏఎన్ఎంకు ఆ ఊరి ఇళ్ళన్నీ తెలుసు. ఈ పాఠాన్ని ఏడో నెలలోనే, ఆ ఇంటి వరండాలో కూర్చుని చెప్పవచ్చు.