గురి చూసే ముందు

భవానీపూర్ పేరు వినగానే ఢిల్లీలోని పత్రికా రచయితలకు మొదట జ్ఞాపకం వచ్చేవి ఎన్నికల లెక్కలే. 2021 సెప్టెంబర్ 30న జరిగిన ఉప ఎన్నికలో మమతా బెనర్జీ 58 వేల పైచిలుకు ఆధిక్యతతో గెలిచి ముఖ్యమంత్రి పదవిని నిలుపుకొన్నది ఇక్కడినుంచే. అయితే ఈ వారం ప్రస్తావించదలచినది ఓట్ల గురి కాదు, పది మీటర్ల దూరాన కాగితంపై ఉండే నల్లని వలయం మీద పెట్టే గురి.

2008లో బీజింగ్ లో అభినవ్ బింద్రాకు స్వర్ణపతకం వచ్చిననాటినుంచి మధ్యతరగతి ఇళ్ళలో ఒక కొత్త కోరిక మొలకెత్తింది. బెంగాలీ, గుజరాతీ, పంజాబీ కుటుంబాలు ఇరుగుపొరుగున మసలే భవానీపూర్ లోనైనా, మన హైదరాబాద్, విజయవాడలలోనైనా ఆ కోరిక ఒక్కటే. పన్నెండు పదమూడేళ్ళ అమ్మాయో, అబ్బాయో ఎయిర్ రైఫిల్ కావాలంటారు. ఏది కొనాలో తండ్రికి తెలియదు. అమ్మేవాడికి తెలిసినా, కొనేవాడి మేలు కోరి చెబుతాడన్న పూచీ లేదు.

కలకత్తాకూ తుపాకికీ ఉన్న సంబంధం చిత్రమైనది. 1878 నాటి ఆయుధాల చట్టం లైసెన్సు లేని భారతీయుని చేతికి ఆయుధం దక్కకుండా చేసింది. 1914 ఆగస్టు 26న రొడ్డా కంపెనీకి దిగుమతి అయిన 50 మౌజర్ పిస్తోళ్ళను, 46 వేల తూటాలను విప్లవకారులు నగరం నడిబొడ్డున మాయం చేశారు. భవానీపూర్ ఉత్తరపు అంచున ఎల్గిన్ రోడ్డులో ఉన్న ఇంటినుంచే 1941 జనవరిలో సుభాస్ చంద్ర బోస్ పోలీసుల కన్నుగప్పి బయలుదేరారు. ఆ తరానికి తుపాకి స్వాతంత్ర్య సాధనం. స్వాతంత్ర్యానంతరం అదే నగరంలో అది క్రీడా సాధనమైంది. 1952లో హెల్సింకీ ఒలింపిక్స్ లో భారతదేశం తరఫున రైఫిల్ పట్టిన హరిహర్ బెనర్జీ, సౌరేన్ చౌధురి ఇద్దరూ బెంగాలువారే. 2012లో లండన్ లో జయదీప్ కర్మాకర్ 50 మీటర్ల రైఫిల్ పోటీలో నాలుగవ స్థానంలో నిలిచారు. కాంస్యానికీ ఆయనకూ మధ్య దూరం 1.9 పాయింట్లు మాత్రమే.

చట్టం ఏమంటున్నది?

ముందుగా చట్టం సంగతి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం వ్యాసం 4.5 మిల్లీమీటర్లకు, శక్తి 20 జౌళ్ళకు మించని ఎయిర్ రైఫిల్ కు లైసెన్సు అక్కరలేదు. పోటీలలో వాడే రైఫిల్ శక్తి సుమారు ఏడు, ఎనిమిది జౌళ్ళే. కనుక క్రీడాకారునికి చట్టం అడ్డు రాదు. ఐతే లైసెన్సు అక్కరలేదంటే ప్రమాదం లేదని అర్థం కాదు. ఆ చిన్న సీసపు గుండు కన్ను పోగొట్టగలదు. పిట్టలను కొట్టడం సరదా కాదు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. రైఫిల్ కొన్ననాడే దానికొక తాళం పెట్టె కూడా కొనడం వివేకం.

బలం కాదు, నిలకడ

దుకాణంలో మొదట వినిపించే మాట ‘ఇది చాలా శక్తిగలది’ అన్నది. లక్ష్యసాధనకు ఆ శక్తితో పని లేదు. పది మీటర్ల లక్ష్యంలో పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పోటీలో అరవై గుళ్ళు పేల్చాలి. దశాంశాల లెక్కలో ఒక్కొక్క గుండుకు అత్యధికం 10.9, మొత్తం 654. ఇక్కడ కావలసింది అరవైసార్లు ఒకే తీరున ప్రవర్తించే యంత్రం.

యంత్రాలు మూడు రకాలు. మొదటిది స్ప్రింగు రైఫిల్. ధర తక్కువ, మరమ్మతు సులువు. కాని పేలేటప్పుడు లోపలి ముషలకం ముందుకు దూకి రైఫిల్ ను కుదుపుతుంది. గుండు గొట్టం దాటకముందే ఆ కుదుపు మొదలవుతుంది గనుక నేర్చుకొనేవానికి తప్పు తనదో, తుపాకిదో తెలియదు. రెండవది ఒక్కసారి మీట లాగి గాలిని కుదించే రకం. కుదుపు లేదు, గాలి సీసా అవసరమూ లేదు. కాని గుండు గుండుకూ మీట లాగడం చిన్న పిల్లల భుజాలకు భారం. మూడవది నేటి పోటీలన్నిటా కనిపించే రకం. ముందుగానే సుమారు 200 బార్ల ఒత్తిడితో గాలి నింపిన గొట్టం దీనికి అమర్చి ఉంటుంది. శిక్షణను గంభీరంగా తీసుకొనేవారు చివరకు చేరేది దీని దగ్గరికే.

అయితే ఆ గాలి గొట్టానికి ఆయుష్షు ఉంది. తయారీ తేదీ దానిమీదనే చెక్కి ఉంటుంది. పదేళ్ళు దాటితే పోటీలలో అనుమతించరు. వాడిన రైఫిల్ కొనేవారు మొట్టమొదట చూడవలసింది ఆ తేదీనే. గాలి మళ్ళీ నింపుకొనే వసతి క్లబ్బులో ఉన్నదో లేదో కూడా ముందే విచారించాలి.

తరువాతిది శరీరానికి అమరిక. నిబంధనలు 5.5 కిలోల వరకు బరువును అనుమతిస్తున్నాయి. అంత బరువును పన్నెండేళ్ళ పిల్లచేత మోయిస్తే ముందు నొచ్చేది నడుము. భుజానికి ఆనే భాగం పొడవును, చెంపకు ఆనే దిమ్మ ఎత్తును మార్చుకొనే వీలుండాలి, పిల్లలు ఏటేటా ఎదుగుతారు గనుక. ఎడమచేతివాటం వారికి వేరే అమరిక కావాలి. దూరదర్శిని బిగించిన రైఫిల్ ఎంత ముచ్చటగా ఉన్నా పోటీకి పనికిరాదు. వెనుక సన్నని రంధ్రం, ముందు వలయం గల సైట్లే అక్కడ చెల్లుతాయి. గుళ్ళ సంగతీ ఇంతే. ఒక గొట్టానికి పొసగిన గుళ్ళు మరొకదానికి పొసగవు, నాలుగైదు రకాలు పరీక్షించి చూడాలి. అవి సీసం గనుక సాధన కాగానే చేతులు కడుక్కోవడం మరువరాదు.

డబ్బు మాట

జర్మనీకి చెందిన వాల్తర్, ఫైన్ వెర్క్ బౌ, ఆన్ షూట్స్, ఆస్ట్రియాకు చెందిన స్టయర్ ఈ రంగంలో పేరెన్నికగన్నవి. కొత్త రైఫిల్ ధర రెండు లక్షల రూపాయలకు పైమాటే. దానికి తోడు బిగువైన కోటు, లాగు, బూట్లు, ఏడాది పొడుగునా గుళ్ళు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ కు రైఫిల్ కోసం ఆ కుటుంబం ఇంటి స్థలం అమ్ముకొన్న సంగతి అందరూ ఎరిగినదే. 2012లో ఆయనకు లండన్ లో కాంస్యం వచ్చింది గనుక ఆ త్యాగం కథ అయింది. పతకం రాని ఇళ్ళ కథలు పత్రికల కెక్కవు.

కాబట్టి తండ్రులు మొదట ఎంచుకోవలసింది తుపాకిని కాదు, క్లబ్బును, శిక్షకుణ్ణి. ఆరు నెలలు క్లబ్బు రైఫిల్ తో సాధన చేయించాలి. ఈలోగా ఇంట్లో గోడ మీద చుక్క పెట్టి, గుండు లేకుండా గురి నిలిపే అభ్యాసం చేయవచ్చు. భవానీపూర్ లోని ఇరుకు ఫ్లాటు కూడా దానికి చాలు. అప్పటికీ పిల్ల ఆసక్తి సడలకపోతే, శిక్షకుని ఎదుట కొలతలు చూసి, నమ్మకమైనచోట వాడిన రైఫిల్ కొనడం మేలు. మహారాష్ట్రలోని ప్రెసిహోల్ వంటి స్వదేశీ సంస్థలు పది మీటర్ల రైఫిళ్ళు తయారుచేస్తున్నాయి గనుక విదేశీ ముద్రకోసం అప్పు చేయనక్కరలేదు.

రైఫిల్ చేయలేని పని కూడా ఒకటుంది. 2018 కామన్వెల్త్ క్రీడలలో హుగ్లీ జిల్లా బాలిక మెహులీ ఘోష్ చివరి గుండుకు 10.9 సాధించి, స్వర్ణం తనదేననుకొని పొంగిపోయింది. నిజానికి అప్పటికి స్కోర్లు సమానమే. అదనపు గుండులో రజతంతో సరిపెట్టుకోవలసివచ్చింది. పదిహేడేళ్ళ మనస్సును క్షణంలో మళ్ళీ నిలకడకు తెచ్చే మీట ఏ కర్మాగారమూ తయారుచేయలేదు.

ఇక ఢిల్లీ వంతు. జాతీయ రైఫిల్ సంఘం 1951లో పుట్టింది. 1982 ఆసియా క్రీడల సందర్భంగా తుగ్లకాబాద్ లో డాక్టర్ కర్ణీ సింగ్ రేంజి వెలసింది. పతకాలు వచ్చిననాడు సన్మానాలకు కొదవ లేదు. కాని ప్రతి పట్టణంలో పిల్లలు వంతులవారీగా వాడుకొనే నాలుగు మంచి రైఫిళ్ళు, గాలి నింపే ఒక యంత్రం, ఒక శిక్షకుడు ఉంటే చాలు, ఏ తండ్రీ స్థలం అమ్ముకొనే అగత్యం ఉండదు. ఒక్క సన్మాన సభకయ్యే ఖర్చులో ఇందులో ఎంత సమకూరుతుందో లెక్క వేయడం క్రీడామంత్రిత్వ శాఖకు కష్టమైన పని కాదు.