పెంటయెరువును పెద్దవానయు

పశువుల పెంట పైరునకు ప్రాణము. అయినను ఆ పెంటయందు కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలది యుండును. వానిలో పెక్కు నేలకు మేలు చేయునవే; కొన్ని మాత్రము మనుష్యుల కడుపున జొచ్చినచో రక్తవిరేచనములు కలిగించును. వాన కురిసినప్పుడు ఇవి యెచటికి పోవునో తెలిసికొనుట మిగుల అవసరము.

మట్టి మంచి జల్లెడవంటిది. నీరు మెల్లగా ఇంకునప్పుడు ఈ జీవులలో పెక్కు మట్టిరేణువుల కంటుకొని పైపొరలోనే చిక్కి, క్రమముగా నశించును. కాని వేసవిలో నల్లరేగడి నెఱ్ఱెలు విచ్చును. వానపాముల బొరియలును, కుళ్లిన వేళ్ల రంధ్రములును ఇతర నేలలలో సయితము కలవు. పెద్దవాన పడినప్పుడు నీరు మట్టిలో వడియక ఈ దారులవెంట తిన్నగా లోతునకు దిగును. పెంటలోని జీవులును దానితో పోవును. వాలునేలయైనచో పైనీటితో కొట్టుకొనిపోయి కుంటలను చేరును.

ఇందుకొక నిదర్శనము కలదు. కెనడాదేశమున అంటారియో రాష్ట్రములోని వాకర్టన్ పట్టణమునకు నీరిచ్చు లోతులేని బావి యొకదాని చెంత, 2000వ సంవత్సరమున, ఒక రైతు తన పొలమునకు పశువుల యెరువు వేసెను. మే నెలలో భారీవర్షములు కురిసెను. అచట పైమట్టి పలుచన, క్రిందిరాయి పగుళ్లమయము. రోగజీవులు బావిలో జొచ్చెను. నీటిలో క్లోరినును చాలినంత వేయబడలేదు. 7 మంది మరణించిరి. సుమారు 2,300 మంది జబ్బుపడిరి. విచారణ జరిపిన న్యాయాధిపతి డెన్నిస్ ఓకానర్ తన 2002వ సంవత్సరపు నివేదికలో, ఆ రైతు మంచి పద్ధతులనే యనుసరించెననియు, అతని తప్పేమియు లేదనియు తెలిపెను.

కావున ఒక్క రైతు జాగ్రత్త చాలదు. భూమిలోని నీటికి సరిహద్దురాళ్లు లేవు. మేము సభ్యులకు చెప్పునది యిది:

పచ్చిపెంటను పొలమునకు తోలరాదు. పోగువేసి, తగినంత తడియుంచి, నడుమనడుమ తిరుగవేసి మాగనీయవలెను. పోగులో 55 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కొన్నిదినములు నిలిచినచో రోగజీవులు చాలవరకు చచ్చును.

పెద్దవాన రానున్నదని తెలిసినప్పుడు ఎరువు చల్లరాదు. చల్లినవెంటనే దున్ని కలుపవలెను. దుక్కి నెఱ్ఱెలను చెరుపును.

పెంటపోగులు బావులకు, బోర్లకు దూరముగా, పల్లపువైపున నుండవలెను. బావికి ఎత్తైన గట్టును, చుట్టును చప్టాయు కట్టవలెను.

తేటగా నున్నంతమాత్రమున నీరు శుద్ధమని తలపరాదు. వానకాలమున తెరలునట్లు కాచి త్రాగవలెను.

తొలకరికి ముందే సంఘసభ్యులందరు కూడి, తమ యూరి బావులచెంతనున్న పెంటపోగులను లెక్కించి తొలగించినచో, పైరునకు బలమును, బిడ్డలకు ఆరోగ్యమును ఒక్కమారే చేకూరును.