కెటమిన్ ఇచ్చాక కళ్ళెందుకు కదులుతాయి?

కొత్తవలసలో చెట్టెక్కి చెయ్యి విరగ్గొట్టుకున్న పిల్లాణ్ణి విశాఖకో విజయనగరానికో తీసుకెళ్తే, ఎముక సరిచేసే ముందు మత్తు డాక్టరు వేసే సూది కెటమిన్‌ది కావచ్చు. కాసేపట్లో నొప్పి తెలియదు, కానీ కళ్ళు మూతపడవు. నల్లగుడ్లు మెల్లగా పక్కకి జారి, చటుక్కున వెనక్కి వస్తుంటాయి. అమ్మమ్మ హడలిపోతుంది: "గుంటడు కళ్ళిప్పి సూస్తన్నాడు, మత్తెక్కలేదేటి బాబూ?"

ఎక్కింది. తెరిచిన కళ్ళు మెలకువకు గుర్తు కాదు. మెదడు కణాలు గ్లుటమేట్ అనే రసాయనంతో కబుర్లు పంపుకుంటాయి. దాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ అనే ద్వారానికి కెటమిన్ అడ్డుపడుతుంది. చూపును ఒకచోట నిలపడానికీ ఆ ద్వారాలు కావాలి. అవి మూసుకుంటే చూపు జారుతుంది, మెదడు వెనక్కి లాగుతుంది. ఆ కుదుపే మనకు కనిపించేది.

1962లో అమెరికాలో తయారైన ఈ మందును 1964లో మొదటిసారి మనుషులకిచ్చారు. ఊపిరిని, బీపీని అంతగా పడిపోనివ్వదు కనుక చిన్న ఆసుపత్రులకు ఇది పెద్ద అండ. దుర్వినియోగం పెరగడంతో మన దేశంలో 2013లో షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చారు.

మత్తు రానంత కొద్ది మోతాదులో ఇస్తే ఆలోచన ఏమవుతుందన్నది కోతుల మీద చేసిన పరీక్షలో తేలింది. తెర మీద ఒక చుక్క వెలుగుతుంది. కోతి దానివైపు కాకుండా సరిగ్గా ఎదురుపక్కకి చూడాలి. ఇది ఎంత కష్టమో కొత్తవలస జంక్షన్‌లో నిలబడితే తెలుస్తుంది: గూడ్సు కూత వినగానే తల దానంతటదే అటు తిరుగుతుంది. తిప్పకుండా ఆపుకోవడం నుదుటి వెనకున్న మెదడు భాగం పని. కెటమిన్ ఇచ్చాక కోతులు ఎక్కువసార్లు తప్పాయి, చూపు కదలడానికీ ఆలస్యమైంది. 'చుక్కవైపు చూడాలి', 'ఎదురుపక్కకి చూడాలి' అన్న నియమాలను విడివిడిగా పట్టి ఉంచే కణాల్లో ఆ తేడా మసకబారింది. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళూ ఇదే పరీక్షలో తడబడతారు. అందుకే ఆ జబ్బును అర్థం చేసుకోవడానికి ఈ కోతి చూపులు అంత విలువైనవని నా నమ్మకం.

పిల్లాడికి మత్తు దిగేటప్పుడు వింత కలలు, కలవరింతలు రావచ్చు. అప్పుడు భుజం పట్టి కుదపకండి, గట్టిగా పిలవకండి. లైటు తగ్గించి, చెయ్యి పట్టుకుని, అమ్మమ్మని మెల్లగా మాట్లాడమనండి.