పరస్మైపద కంపైలరు: దోషపరిశీలనము

వంటవాఁడు తనకై వండుకొనునప్పుడు ఆత్మనేపదమును, యజమానునకై వండునప్పుడు పరస్మైపదమును బ్రయోగించుట వైయాకరణసమయము. కంపైలరులును నట్లే రెండు తెఱఁగులు. తాను నడచు యంత్రమునకే ప్రోగ్రామును సిద్ధపఱచున దొకటి. ఒక యంత్రమున నుండి వేఱుజాతి యంత్రమునకు సిద్ధపఱచునది రెండవది. దీనినే క్రాస్ కంపైలరందురు. దీనివలన నాకుఁ గలిగిన చిక్కులును, వాని పరిహారములును బాఠశాలాపండితుల కుపకరించునని యిట వ్రాయుచున్నాను.

గండిపేటలో మా యింటి యంత్రము లినక్సుతో నడచును. బాలుర సంధిపాఠమునకై సీ భాషలో నేను రచించిన చిన్న ప్రోగ్రాము నడువవలసిన పాఠశాలాయంత్రములు విండోసువి. రెంటి ప్రాసెసరులు నొక్కజాతివే. అయినను లినక్సు ఈఎల్ఎఫ్ అను ఫైలురూపమును, విండోసు పీఈ అను రూపమును గోరును. కావున మింగ్‌డబ్ల్యూ-డబ్ల్యూ64 అను సాధనసముదాయమును దెచ్చుకొంటిని.

మొదటి తొట్రుపాటు సంజ్ఞలయందే. వ్యాకరణమున గుణమనఁగా అ, ఏ, ఓ అను వర్ణములే కాని మంచితనము కాదు గదా! అట్లే కాన్ఫిగర్ అను లిపిలో హోస్టనఁగా మన యింటి యంత్రము కాదు. సిద్ధమైన ప్రోగ్రాము నడువఁబోవు యంత్రము. మనది బిల్డు. టార్గెట్టను సంజ్ఞ కంపైలరునే నిర్మించువారికిఁ గావలయును. లోకార్థమును నమ్మి నేను టార్గెట్టని వ్రాయఁగా మరల లినక్సు ప్రోగ్రామే పుట్టెను. పుట్టిన దేజాతిదో ఫైల్ అను ఆజ్ఞ చెప్పును. ప్రతిపర్యాయము దాని నడుగుట మేలు.

తరువాతి దోషములు చిన్నవి. పెద్దలిపి, చిన్నలిపి భేదమును విండోసు లెక్కింపదు, లినక్సు లెక్కించును; అందుచే హెడరుపేరులో నొక యక్షరము పెద్దదైనను అది దొరకదు. లైబ్రరీల వరుస ఆకాంక్షను బట్టి యుండవలయును: అపేక్షించు ఫైలు ముందు, అపేక్ష దీర్చు లైబ్రరీ వెనుక. పీకేజీ-కాన్ఫిగ్ అను సాధనము లినక్సు లైబ్రరీలనే చూపుచుండును. పీకేజీ_కాన్ఫిగ్_పాత్ క్రొత్తదారిని జేర్చునే కాని పాతదానిని మాన్పదు. క్రొత్తకాలువ త్రవ్వినంతనే పాతకాలువ పూడునా? మాన్పుటకుఁ బీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ అమర్పవలయును.

ఇన్నియుఁ దీఱి పాఠశాలకుఁ గొనిపోఁగా, లిబ్‌విన్‌పీథ్రెడ్-1 అను డీఎల్ఎల్ లేదని యచ్చటి యంత్రము నిరాకరించెను. లింకరునకు స్టాటిక్ అని చెప్పినంత నది ప్రోగ్రాములోనే యిమిడినది.

అసలు చిక్కు పిమ్మట వచ్చెను. బాలుర యెదుటఁ దెఱవఁగా, 'కాలము' అను పదమునకు బదులు 'క' యని మాత్రమే కనఁబడెను, తరువాతి వరుస రిక్తము, ఆపై వేఱొక పదము యొక్క తొలివర్ణము, మరల రిక్తము. పిల్లలు నవ్విరి. నేను ఫాంటును నిందించుచు రెండుదినములు వ్యర్థపఱచితిని. కంపైలరు ఒక్క హెచ్చరికయు నీయలేదు. దోషము కంపైలరుదియుఁ గాదు, ఫాంటుదియుఁ గాదు, నాదే. డబ్ల్యూచార్_టీ అను వర్ణజాతి లినక్సున 4 బైట్లు, విండోసున 2 బైట్లు. నేను పదమునకు 20 వర్ణముల చొప్పునఁ బట్టికను లినక్సున దాఁచితిని. యూనికోడులోఁ దెలుఁగు 0సీ00 మొదలు 0సీ7ఎఫ్ వఱకుఁ గల స్థానముల నుండుటచే, ప్రతివర్ణమునకు మొదటి రెండుబైట్లు చాలును. తక్కిన రెండును సున్నలు. విండోసు రెండేసి బైట్లు చదువుచు, రెండవజత సున్నయగుటచేఁ బదము ముగిసెనని తలఁచెను. దీర్ఘచిహ్నమునకు వేఱు స్థానము గలదు గావున 'కా' సైతము 'క' యయ్యెను. మఱియు 80 బైట్ల పదము 40 చొప్పున రెండుగాఁ జీలెను. నా పదములన్నియుఁ బదివర్ణములకు లోపలివే గావున వెనుకసగము సున్నలే.

పరిహారము: ఫైలులో యూటీఎఫ్-8 రూపముననే దాఁచవలయును. అందుఁ దెలుఁగువర్ణ మొకటికి రెండుచోట్లను 3 బైట్లే. చదివినపిమ్మట నాయా యంత్రరూపమునకు మార్చుకొనవచ్చును. లాంగ్ అను సంఖ్యాజాతియు నిట్టిదే: 64 బిట్ల లినక్సున 8 బైట్లు, విండోసున 4. ఫైలున వ్రాయఁదలఁచిన సంఖ్యకు ఇంట్32_టీ వంటి నియతపరిమాణమునే వాడుట యుక్తము.

ఆజ్ఞాపంక్తిలోఁ దెలుఁగుపదము నిచ్చినఁ బ్రశ్నచిహ్నములు వచ్చుట వేఱు దోషము. విండోసునఁ దెలుఁగునకుఁ బాతపద్ధతి కోడ్‌పేజీ లేకుండుట దానికిఁ గారణము. మెయిన్ అనుటకు బదులు డబ్ల్యూమెయిన్ అని వ్రాసి, లింకువేళ ఎంయూనికోడ్ చేర్పఁగా నదియుఁ దీఱెను. ఇప్పుడు పట్టిక నిండుగాఁ గనఁబడుచున్నది. కనఁబడిన మొదటిదినముననే యొక బాలుఁడు ఉత్వసంధిలో నేను వ్రాసిన తప్పొకటి పట్టుకొనెను.